పాత పియాజియో ఆపే ట్రాలీ ఆటోకి బ్రేకులు మొత్తం చేయించాం: ఆటోనగర్ పని, సామాన్లు, ఖర్చు

ముందే చెప్పేస్తున్నా, ఇది షాపు మీద రివ్యూనే కానీ షాపు పేరు ఇందులో ఉండదు. మేస్త్రీ గారే వద్దన్నారు, ఇప్పుడున్న బళ్లకే ఫోన్లు ఎత్తే తీరిక లేదట. విజయవాడ ఆటోనగర్‌లో త్రీవీలర్ పని చేసేవాళ్లు వరసగా ఉంటారు, అందులో ఒకరు అనుకోండి. ఏం విప్పారు, ఏం మార్చారు, ఏ సామాను మీద డబ్బు పెట్టొచ్చు, ఏది దండగ అనేది పాత ఆటో ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. షాపుకి మార్కులు అడిగితే పనికి నిండుగా ఇస్తా, టైముకి మాత్రం సగం కోస్తా.

బండి పియాజియో ఆపే ట్రాలీ, డీజిల్, అదే గ్రీవ్స్ సింగిల్ సిలిండర్ ఇంజను, కొని పదేళ్లు దాటింది. మాది మంచినీళ్ల ప్లాంటు. 20 లీటర్ల క్యాన్లు రోజూ చిట్టినగర్, కొత్తపేట వైపు కొండవాలు వీధుల్లోకి వెళ్తాయి. క్యానుకి 20 కిలోలు, 30 క్యాన్లు వేస్తే 600 కిలోలు, ఆపైన డ్రైవరు, పక్కన కుర్రాడు. ఆర్సీలో రాసిన బరువు దాటకూడదని అందరికీ తెలుసు, ఎండాకాలంలో ఎవరూ ఆగరని కూడా తెలుసు. ఎక్కేటప్పుడు ఫస్ట్ గేరులో మూలుగుతూ ఎలాగో ఎక్కేస్తుంది. పైన సగం దించి, మిగతా సగంతో ఇంకో వీధిలోకి కిందికి దిగాలి చూడండి, అక్కడ ఉంటుంది అసలు టెన్షన్.

మా డ్రైవరు చెప్పిన కంప్లయింట్లు ఇవీ. బ్రేకు తొక్కితే పెడల్ సగం దాకా ఊరికే పోతుంది, రెండోసారి పంపు కొడితేనే పడుతుంది. గట్టిగా తొక్కితే బండి ఎడమకి లాగుతుంది. వాలులో ఆగినప్పుడు కాలు పెడల్ మీదే పెట్టి ఉంచితే అది మెల్లగా కిందికి దిగిపోతుంది, మళ్లీ పంపు కొట్టాలి. అన్నీ కలిపి "బ్రేకు వీక్ అయింది అన్నా" అనేస్తారు కానీ ఇవి మూడూ మూడు వేర్వేరు జబ్బులు. రెండో తొక్కుకి పెడల్ పైకొచ్చి గట్టిగా నిలబడిందంటే చాలావరకు చక్రంతో తిరిగే డ్రమ్ముకీ, లోపలి నుంచి దాన్ని ఒరుసుకుని ఆపే షూలకీ మధ్య సందు పెరిగిందని. పైకొచ్చినా కాలి కింద మెత్తగానే ఉంటే లైనులో, అంటే బ్రేక్ ఆయిలు పోయే పైపుల్లో, గాలి ఉంది. ఒక పక్కకి లాగితే రెండో పక్క చక్రం పని చేయడం లేదు. కాలు తీయకుండా ఉంచినా పెడల్ దిగిపోతోంది, బయట ఎక్కడా చుక్క కారడం లేదంటే, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ని లైనులోకి తోసే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు అరిగి ఆయిలు వెనక్కి జారుతోందని. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే ఏ షాపుకి వెళ్లినా మాట్లాడొచ్చు, వాళ్లు చెప్పింది విని తల ఊపే పరిస్థితి ఉండదు.

దీనికి ముందు మా ఇంటి దగ్గర ఇంకో షాపులో వెనక లైనర్లు, అంటే షూల మీద డ్రమ్ముకి ఒరుసుకునే పొర, మార్పించాం, బ్రేక్ ఆయిలు డబ్బా నింపారు, "సూపర్‌గా వచ్చింది, తీసుకెళ్లండి" అన్నారు. కొన్నాళ్లు బాగానే ఉంది, తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. డబ్బాలో ఆయిలు తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం, లేదా లైనర్లు అరిగిన కొద్దీ పిస్టన్లు బయటికొచ్చి ఆయిలు చక్రాల దగ్గరి సిలిండర్లలోకి దిగిందని. ఈ రెంటిలో ఏదో చూడకుండా పైనుంచి పోసేస్తే జబ్బు కనపడకుండా పోతుంది, అంతే.

ఆటోనగర్ మేస్త్రీ గారి దగ్గర నాకు నచ్చింది ఏంటంటే, ఆయన రేటు చెప్పే ముందు మూడు చక్రాలూ విప్పించారు. విప్పాక నన్ను పిలిచి కూర్చోబెట్టి చూపించారు. కుడి వెనక చక్రం డ్రమ్ము ఊడదీసి, హెల్పర్‌ని "మెల్లగా తొక్కరా, సగమే" అన్నారు. చక్రం దగ్గర షూలని తోసే వీల్ సిలిండర్‌కి రెండు పక్కలా రెండు పిస్టన్లు ఉంటాయి కదా, ఆయన ఒక పక్క స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి పట్టుకున్నారు, లేకపోతే పిస్టన్ ఊడి ఆయిలంతా బయట పడుతుంది. ముందు పక్కది కొంచెం బయటికొచ్చింది, వదలగానే స్ప్రింగు లాగితే లోపలికి పోయింది. వెనక పక్కది అసలు కదల్లేదు. ఆ పక్క రబ్బరు టోపీ గోరుతో ఎత్తితే లోపల డికాషన్ రంగులో నీళ్లలాంటి ఆయిలు, దాంతోపాటు తుప్పు ముద్ద. ఇంక షూలు చూస్తే లైనర్ సగం దాకా తడిసి నల్లగా మెరుస్తోంది. అవి మొన్న మార్పించిన కొత్త లైనర్లే. కుడి పక్క పట్టు లేదు, ఎడమ పక్క ఉంది, అందుకే బండి ఎడమకి లాగుతోంది.

తడిసిన లైనర్‌ని పెట్రోలుతో కడిగి ఎమరీ పేపరు కొట్టి మళ్లీ వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పైన పొడిగా కనిపిస్తుంది కానీ లైనర్ ఆయిలు పీల్చేసి ఉంటుంది, డ్రమ్ము వేడెక్కగానే అది మళ్లీ పైకి వస్తుంది. ఈయన వాటిని పక్కన పడేశారు, ఎడమ పక్క బాగున్నవి కూడా తీసేయించారు. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి అయితే పట్టు సమానంగా ఉండదట, ఒప్పుకున్నాను. ఇంకో సంగతి, తడి ఏదైనా బ్రేక్ ఆయిలే అనుకోవద్దు. లోపలి సీలు పోతే గేరు ఆయిలు కూడా చక్రం మధ్యలోని హబ్బులోంచి డ్రమ్ములోకి వస్తుంది. గేరు ఆయిలు జిగటగా, ఘాటు వాసనతో ఉంటుంది, బ్రేక్ ఆయిలు పల్చగా ఉండి నీళ్లతో కడిగితే పోతుంది. మాకు సీళ్లు బాగానే ఉన్నాయి, అయినా విప్పారు కాబట్టి మార్పించేశాం, వాటి ఖరీదు ఏపాటిది.

ఇప్పుడు ముందు చక్రం. అందరూ వెనక చక్రాలే చూస్తారు, ముందుది ఎవరూ ముట్టుకోరు. మాది విప్పితే రెండు పిస్టన్లూ పట్టేసి ఉన్నాయి, తుప్పుతో సిలిండర్‌కి అతుక్కుపోయాయి, సుత్తితో తట్టినా రాలేదు. లైనర్లు మాత్రం దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకి తోస్తుంది, అంటే ముందు చక్రానికి రోడ్డు మీద పట్టు పెరిగే క్షణంలోనే అక్కడ బ్రేకు లేదన్నమాట. ఎన్నాళ్ల నుంచి అలా నడుస్తోందో. వెనక రెంటి మీదే మొత్తం భారం పడి అవి త్వరగా అరిగాయి, వేడెక్కాయి. పైగా ఆటోకి ముందు ఒకటే చక్రం. మలుపులో ఉండగా బ్రేకు గట్టిగా వేస్తే బరువు ముందుకీ పక్కకీ ఒకేసారి పోతుంది, అది పోయే మూల దగ్గర కాసేందుకు చక్రమే లేదు. దానికి తోడు వెనక ఒక పక్కే పట్టిందనుకోండి, బోల్తా పడటానికి ఇంకేం కావాలి. కాబట్టి మీరు ఏ షాపుకి వెళ్లినా ముందు చక్రం విప్పించండి. "అది బాగానే ఉంటుంది సార్" అంటే వినకండి.

కిట్టు వేయాలా, సిలిండరే మార్చాలా? దీని మీద నాకు ముందు నుంచీ డౌటు ఉంది. కిట్టు అంటే రబ్బరు కప్పులు, టోపీలు, స్ప్రింగు, ఖరీదు తక్కువ. సిలిండర్ మొత్తం కొంటే దానికి కొన్ని రెట్లు అవుతుంది. ఆయన ఎడమ వెనక సిలిండర్ విప్పి, గుడ్డతో తుడిచి, ఫోను టార్చి వేసి లోపల గోరు పెట్టి లాగమన్నారు. గోరు ఒక చోట తట్టుకుంది. చూపుకి చిన్న నల్ల చుక్క, అంతే. అక్కడ గుంట పడిందన్నమాట. కప్పు అంచు రోజూ ఆ గుంట మీదుగా వెళ్లి వస్తుంది, కొత్త కప్పు అయినా కొన్నాళ్లకే కోసుకుపోతుంది. గుంట లేకుండా పైపైన మరక ఉంటే సన్నటి హోనింగ్ కొట్టి, అంటే లోపల రాయితో నునుపు చేసి, కిట్టు వేయొచ్చు. గోరు తట్టుకుంటే సిలిండర్ మార్చాల్సిందే, కర్రకి ఎమరీ చుట్టి గుంట పోయేదాకా తిప్పితే లోపలి కొలత పెరిగిపోయి కప్పు వదులవుతుంది. కిట్టు చవక అనిపిస్తుంది కానీ విప్పడం, బిగించడం, ఎయిర్ తీయడం (లైనులో గాలి బయటికి పంపడం) అన్నిటికీ కూలీ రెండోసారి ఇవ్వాలి, బండి ఆగిన రోజు బేరం పోతుంది. నేనైతే మూడూ కొత్తవే వేయించాను. పాత బండి ఉన్న ఎవరికైనా ఇదే చెప్తా, లైనర్ల బ్రాండు దగ్గర పది రూపాయలు తగ్గించుకోండి కానీ సిలిండర్ల దగ్గర పీనాసితనం వద్దు.

సామాను నేనే కొనుక్కొచ్చాను. ఆటోనగర్‌లో ఒకే సిలిండర్‌కి మూడు రేట్లు వినిపిస్తాయి, కంపెనీది, కంపెనీకి సప్లయి చేసేవాళ్ల పేరు మీద వచ్చేది, ఇంక లోకల్. రెండోది తీసుకున్నాను. డబ్బా బాగుంటే చాలదు, డబ్బా అచ్చు వేయడం పెద్ద పని కాదు. మూత తీసి సిలిండర్ లోపల చూడండి, అద్దంలా నునుపుగా ఉండాలి, గాలి తీసే నిపుల్ చేత్తో తిప్పితే మరలు సాఫీగా రావాలి, రబ్బరు నొక్కితే బిరుసుగా ఉండకూడదు. ఒక షాపులో చూపించిన దాంట్లో లోపలే గీత ఉంది, తిరిగిచ్చేశాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు, మాడ్చుకోనీ.

మాస్టర్ సిలిండర్ కూడా కొత్తదే. పాతది విప్పి చూస్తే లోపలి రబ్బరు కప్పు (ప్రైమరీ కప్పు అంటారు) అంచు అరిగి ఉంది. ఎందుకు అరిగిందో ఆయన చెప్పింది నాకు కొత్త విషయం. మామూలు వాడకంలో పిస్టన్ సిలిండర్ లోపల కొంత దూరమే నడుస్తుంది, దాని అవతల భాగంలో మడ్డి, తుప్పు పేరుకుని ఉంటాయి. ఎయిర్ తీసేటప్పుడు పెడల్‌ని నేల దాకా దబదబా తొక్కితే కప్పు ఆ తుప్పులోకి వెళ్లి కోసుకుపోతుంది. అందుకే పాత మాస్టర్ మీద ఎయిర్ తీసేటప్పుడు పెడల్ కింద చెక్క ముక్క పెడతారట. మా పాత షాపులో హెల్పర్ ఎంత ఊపుగా తొక్కాడో కళ్లారా చూశాను కాబట్టి సంగతి అర్థమైంది. కొత్తది బిగించాక, పెడల్ నుంచి మాస్టర్ పిస్టన్‌ని తోసే పుష్‌రాడ్‌కి కొంచెం ఆట ఉంచారు, పెడల్ వేలితో నొక్కితే ముందు కాస్త ఖాళీగా కదలాలి, తర్వాతే బరువు తగలాలి. ఆ ఆట లేకపోతే మాస్టర్‌లో ఆయిలు వెనక్కి వచ్చే సన్నటి రంధ్రం మూసుకునే ఉంటుంది, బండి నడిచి వేడెక్కిన కొద్దీ ఆయిలు వ్యాకోచించి బ్రేకు దానంతటదే పట్టేస్తుంది. "పెడల్ పైకి ఉంటే బాగుంటుంది, ఆట తీసేయండి" అని డ్రైవర్లు అడుగుతారట, తీసేస్తే ఇదే జరుగుతుంది.

మా బండిలో లైను ఒకటే. అంటే మూడు చక్రాలకీ ఒకే మాస్టర్, ఒక చోట తెగితే మూడింటికీ పోతుంది. టాండెమ్ మాస్టర్ (లోపల రెండు పిస్టన్లు ఉండేది) ఉన్న బండికి రెండు లైన్లు వేరుగా ఉంటాయి, ఒకటి పోయినా ఇంకోటి మిగులుతుంది. ఒకటే లైను ఉన్నవాళ్లు రబ్బరు హోసుల్ని తప్పకుండా చూడాలి. హోసుని వంచి చూస్తే మాది పైపొర పగుళ్లు ఇచ్చింది. పైకి బాగున్నా లోపలి పొర ఉబ్బిపోతే ఆయిలు చక్రానికి వెళ్తుంది కానీ తిరిగి రాదు, చక్రం పట్టుకునే ఉంటుంది, జనం సిలిండర్ పట్టేసిందని దాన్ని మారుస్తారు. హోసులన్నీ మార్పించాం. ఇనుప పైపులు ఒక చోట క్లిప్పు కింద తుప్పు పట్టాయి, అక్కడి వరకూ మార్చారు.

డ్రమ్ములు లోపల చెక్కి నునుపు చేయడానికి లేత్‌కి పంపారు. అంచున ఒడ్డులాగా మిగిలి, లోపల వేలికి తగిలే గీతలు ఉన్నాయి. ఇక్కడ ఒక్క మాట, వెనక రెండు డ్రమ్ములూ ఒకే కొలతకి తీయించాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తీస్తే మళ్లీ బండి పక్కకి లాగుతుంది. డ్రమ్ము ఎంతవరకు పెంచొచ్చో దానికో పరిమితి ఉంటుంది, చాలా డ్రమ్ముల మీద ఆ గరిష్ఠ కొలత పోతలోనే అచ్చయి ఉంటుంది, అది దాటితే డ్రమ్ము పలచబడి వేడికి పగలొచ్చు. లేత్ కుర్రాడు కొలవకుండానే మొదలుపెట్టబోతే మేస్త్రీ గారు కేకేశారు. మాకు ఇంకా మార్జిన్ ఉంది, ఇంకోసారి మాత్రం రాదు, వచ్చేసారి డ్రమ్ములు కొనాల్సిందే.

ఇప్పుడు బ్రేక్ ఆయిలు. దీనికి డాట్ 3, డాట్ 4 అని గ్రేడులు ఉంటాయి. ఇన్నాళ్లూ మేం డాట్ 3 వాడాం, ఈసారి డాట్ 4 పోయించాం. అప్‌గ్రేడ్ అని ఏదైనా చేశామంటే ఇదొక్కటే. డాట్ 3కి మరిగే ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలు, డాట్ 4కి 230. కానీ చూడాల్సింది ఆ అంకె కాదు. ఈ ఆయిలు గాల్లో తేమని పీలుస్తుంది. తేమ 3.7 శాతానికి చేరాక డాట్ 3 మరిగే ఉష్ణోగ్రత 140కి పడిపోవచ్చు, డాట్ 4ది 155కి. వాలులో బరువుతో దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి వస్తే డ్రమ్ము వేడి సిలిండర్ దాకా వెళ్తుంది, పాత ఆయిల్లో నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకి తాకుతుంది. కాసేపు ఆగితే చల్లారి మళ్లీ బ్రేకు వస్తుంది, "ఏమీ లేదే, బాగానే ఉందే" అనుకుంటాం. అందుకే డాట్ 4 పోసేశాం కదా అని వదిలేస్తే కుదరదు, రెండేళ్లకోసారి మొత్తం తీసి కొత్తది పోయాలి. మన కృష్ణా తీరం ఉక్కకి ఇంకా ముందే మార్చినా తప్పు లేదు. లూజు ఆయిలు, మూత తీసి షాపులో పెట్టిన పెద్ద డబ్బాలోది ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. సీలు ఉన్న చిన్న డబ్బా కొని, మిగిలింది దాచుకోకుండా వదిలేయండి. అర లీటరు డబ్బా లైను కడగడానికి, నింపడానికి మాకు దాదాపు సరిపోయింది.

డాట్ 3లో డాట్ 4 కలిసినా పర్లేదు, రెండూ ఒకే జాతి. డాట్ 5 అని ఒకటుంది, అది సిలికాన్, వీటితో కలవదు. అంకె పెద్దది కదా అని దాన్ని అడిగి మరీ కొనేవాళ్లు ఉన్నారు. డాట్ 5.1 మళ్లీ వేరు, అది డాట్ 3, 4 జాతే. ఇక ఇంజనాయిలు, కిరసనాయిలు, పెట్రోలు, మామూలు గ్రీజు, వీటిలో ఏది తగిలినా బ్రేకు రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. సిలిండర్ బిగించేటప్పుడు కప్పులకి బ్రేక్ ఆయిలే రాయాలి, లేదా బ్రేకు రబ్బర్ల కోసమే వచ్చే రబ్బర్ గ్రీజు. ఈయన ఆయిలే రాశారు, చేతులు కడుక్కుని మరీ.

ఎయిర్ తీయడం చూడముచ్చటగా ఉంది. ముందు మాస్టర్‌ని విడిగా నింపి, అవుట్‌లెట్ వేలితో మూసి, గాలి బయటికి పంపేశారు. తర్వాత వెనక చక్రాలు, ఆఖరున ముందుది. నిపుల్‌కి సన్నటి ట్రాన్స్‌పరెంట్ పైపు తొడిగి, దాని రెండో కొస కొంచెం ఆయిలు పోసిన సీసాలో ముంచి, "తొక్కు... పట్టుకో... వదులు" అంటూ ఒకే లయలో. నిపుల్ మూసే దాకా హెల్పర్ కాలు తీయకూడదు, తీస్తే గాలి మళ్లీ లోపలికి. మొదట నల్లటి ఆయిలు, మధ్య మధ్య బుడగలు, తర్వాత బుడగలు చిన్నవై ఆగిపోయాయి, ఆయిలు తేటగా వచ్చింది. మధ్యలో పైన డబ్బా ఖాళీ కాకుండా చూడాలి, అది ఖాళీ అయితే పని మళ్లీ మొదలు. పెయింటు మీద పడిన ఆయిల్ని వెంటనే నీళ్లు పోసి కడిగించారు, లేకపోతే పెయింటు లేస్తుంది.

పక్క షాపాయన ఒకరు వచ్చి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు పెట్టేద్దాం, స్కూటర్ కాలిపర్ (డిస్క్‌ని రెండు పక్కలా నొక్కి పట్టే భాగం) సరిపోతుంది, చాలా బళ్లకి చేశాం అన్నారు. వద్దన్నాను. డ్రమ్ములో ముందు పక్క షూ చక్రం తిరిగే వైపే లాక్కుపోయి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, డిస్క్‌కి ఆ సాయం ఉండదు, అంతే పట్టు రావాలంటే ఎక్కువ ఒత్తిడి కావాలి. కాలి బలానికి సాయం చేసే బూస్టర్ లేని ఆటోలో డ్రమ్ము కోసం కొలిచిన మాస్టర్‌తో అది ఎలా కుదురుతుంది? కుదిరి ముందు చక్రం మరీ గట్టిగా పట్టేసిందంటే అది ఇంకా ప్రమాదం, ఒక్క చక్రం లాకయితే హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కదా, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఆ స్కూటర్ కాలిపర్ గురించి ఏం చెప్పుకోవాలి. కంపెనీ ఇచ్చిన డ్రమ్ము బ్రేకులే మూడు చక్రాలకీ సరిగ్గా పని చేస్తే ఈ బండికి చాలు, అది ఇప్పుడు నడిపి చూస్తే తెలుస్తోంది.

నచ్చనివి కూడా రాయాలి. పొద్దున ఇస్తానన్న బండి మర్నాడు సాయంత్రానికి ఇచ్చారు, మధ్యలో ఫోను ఎత్తలేదు. క్యాన్లు అద్దె ఆటోలో పంపుకున్నాం, ఆ ఖర్చు నాదే. బిల్లు తెల్ల కాగితం మీద. పని బయట చెట్టు కిందే, పక్కన గ్రైండింగు, ఆ రజను గాలికి ఎగురుతూ ఉంటే ఇక్కడ సిలిండర్ తెరిచి ఉంటుంది, కనీసం ఒక గుడ్డ కప్పొచ్చు. ఇక అన్నిటికంటే చిరాకు తెప్పించింది, హెల్పర్ కుర్రాడు డ్రమ్ములోని పొడిని గాలి పైపు పెట్టి ఊదేశాడు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ దాకా వెళ్తుంది. నీళ్లు చల్లి తుడవమని చెప్పాను, "మాకు అలవాటే అన్నా" అని నవ్వాడు. పద్దెనిమిదేళ్లు ఉంటాయో లేదో. మేస్త్రీ గారికి కూడా చెప్పాను, సరే అన్నారు, చేస్తారో లేదో చూడాలి.

ఖర్చు: మూడు వీల్ సిలిండర్లు, మాస్టర్, షూలు మూడు చక్రాలకీ, హోసులు, సీళ్లు, ఆయిలు, లేత్, కూలీ అన్నీ కలిపి 7 వేల లోపు. ఇందులో కూలీ 1,500. మూడు చక్రాలు విప్పి, హ్యాండ్ బ్రేకు కేబుల్ కూడా సెట్ చేసి ఇచ్చినందుకు అది ఎక్కువేం కాదు. హబ్బు నట్టు వదులవకుండా పట్టే స్ప్లిట్ పిన్నులు కొత్తవి వేశారు, పాతవి వంచి మళ్లీ పెట్టలేదు. అలాంటి చిన్న చిన్నవి నేను చూస్తూ ఉంటాను.

కొత్త లైనర్లు వేశాక మొదటి రెండు మూడు రోజులు బ్రేకు అంత గొప్పగా అనిపించలేదు, డ్రైవరు ఫోన్ చేసి "అన్నా, ఇంతేనా?" అన్నాడు. లేత్ కొట్టిన డ్రమ్ముకి కొత్త లైనర్ మొత్తం ఆనదు, మధ్యలోనో కొసలోనో కొంచెమే ఆనుతుంది. బరువు లేకుండా, మెల్లగా తొక్కుతూ ఆపుతూ నడిపితే అరిగి కూర్చుంటుంది. ఆ తర్వాత మళ్లీ షూలు అడ్జస్ట్ చేయించాలి, దానికి ఆయన డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు పెడల్ మొదటి తొక్కుకే గట్టిగా నిలబడుతోంది, చేతులు వదులుగా పట్టుకుని బ్రేకు వేసినా బండి తిన్నగా ఆగుతోంది. కొండ మీద ఆగినప్పుడు చక్రం వెనక రాయి పెట్టడం మాత్రం మా వాళ్లు మానలేదు, నేనూ మానమనలేదు, హ్యాండ్ బ్రేకు కేబుల్ ఇంకా పాతదే.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, ఆదివారం వద్దు, లేత్ షాపులు దొరకవు. సామాను మీరే కొనండి, పాతవి సంచిలో వేసి తిరిగిమ్మని అడగండి. మా పాత సిలిండర్లు ఇంకా ప్లాంటులోనే ఉన్నాయి, ముందు చక్రం పిస్టన్లు ఇప్పటికీ ఊడలేదు.